పదిహేడో కార్డు

హేల్‌స్టన్, విస్కాన్సిన్
జూలై 9

కొరీన్ అక్కా,

మోకాలి ఆపరేషన్ తర్వాత మంచం దిగనివ్వడం లేదట కదా, మేవిస్ చెప్పింది. నిన్ను మంచం మీద పడుకోబెట్టిన డాక్టరుకి నా తరఫున దండం పెట్టు. మన ఇంట్లో ఆ పని ఎవరి వల్లా కాలేదు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటని అనుకుంటావు. విషయం నీకు తెలిసిందే. రెండో తారీఖున మన ఐస్‌క్రీం ఫ్యాక్టరీ కంప్రెసర్ గదిలో వాల్వు పగిలి అమ్మోనియా బయటికి కొట్టింది. ఎనభై మంది పనివాళ్ళూ క్షేమంగా బయటపడ్డారు. ఎమిల్ హ్రుస్కా మాత్రం లోపలికి వెళ్ళి లైను కట్టేశాడు. అతను కట్టకపోయి ఉంటే ఊళ్ళో సగం మంది ఆస్పత్రిలో ఉండేవారు. ఇప్పుడు అతనొక్కడే ఉన్నాడు, మాడిసన్‌లో. ఊపిరితిత్తులు కాలిపోయాయి.

మా లాయరు కెల్నర్, "ఫోన్లో గానీ ఈమెయిల్లో గానీ ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడకు, రేపు కోర్టులో అన్నీ బయటికి లాగుతారు" అన్నాడు. ఉత్తరాల సంగతి ఎత్తలేదు. ఈ రోజుల్లో కూడా ఉత్తరాలు రాసుకునే అక్కాతమ్ముళ్ళుంటారని అతనికి తట్టి ఉండదు.

సెప్టెంబరు పన్నెండున హైస్కూలు జిమ్‌లో ఊరంతటికీ సభ. గ్రీన్ బే నుంచి టీవీ వాళ్ళు వస్తారు. నేను వేదికెక్కి జవాబులు చెప్పాలి. నా సంగతి నీకు తెలుసు. నాన్న సంతాపసభలో కాగితం తలకిందులుగా పట్టుకుని నిలబడ్డవాణ్ణి నేను. నువ్వేమో పెద్ద పెద్ద కంపెనీల యజమానులకి కెమెరా ముందు ఎలా మాట్లాడాలో నేర్పుతావు. ఈ ఒక్కసారికి నీ తమ్ముడికి నేర్పు. ఆ రోజు నేను తడబడితే ఈ ఫ్యాక్టరీ మళ్ళీ తెరవనివ్వరు.

రస్


షికాగో
జూలై 13

రస్సూ,

తలకిందులుగా పట్టుకోవడం కాదురా, అలాగే రెండు నిమిషాలు చదివావు కూడా. అందరూ ఏడుస్తున్నావనుకున్నారు కాబట్టి పరువు దక్కింది.

సరే, పాఠం. పన్నెండేళ్ళు టీవీలో ప్రశ్నలు అడిగాను, పదిహేనేళ్ళుగా ఆ ప్రశ్నలనుంచి తప్పించుకోవడం నేర్పుతున్నాను. రెండు వైపులా తిన్నదాన్ని, నా మాట విను.

నీలం చొక్కా వేసుకో. తెల్లది దీపాల కింద మొహాన్ని మింగేస్తుంది. పాదాలు రెండూ నేలకి ఆనించు. చెప్పాల్సిన సంగతులు మూడే ఉండాలి, నాలుగోది ఎవరికీ గుర్తుండదు. ప్రశ్నలో ఉన్న చెడ్డ మాటని నీ నోటితో తిరిగి అనకు. "మీది నిర్లక్ష్యం కాదా?" అంటే "నిర్లక్ష్యం కాదండీ" అన్నావో, మర్నాడు పేపర్లో నీ ఫోటో కింద ఆ మాటే ఉంటుంది.

నచ్చని ప్రశ్న వస్తే వంతెన వెయ్యాలి. మా వృత్తిలో దాన్ని అలాగే అంటాం. "మీ ఆందోళన అర్థమైంది. ఇక్కడ ముఖ్యమైన విషయం ఏమిటంటే" అని, వాళ్ళు అడిగిన ఒడ్డునుంచి నీ ఒడ్డుకి నడిచి వచ్చెయ్. నాలుక దానికి అలవాటు పడేదాకా పొద్దున్నా సాయంత్రం అను.

ఇంకొకటి. విలేకరి ఒక్కోసారి ఏమీ అడక్కుండా నీ వంక చూస్తూ ఊరుకుంటాడు. ఆ నిశ్శబ్దం భరించలేక జనం అనకూడనివి అనేస్తారు. నువ్వు మాత్రం నోరు మూసుకుని లోపల అంకెలు లెక్కపెట్టు.

దీనితో యాభై కార్డులు పంపుతున్నాను. యాభై ప్రశ్నలు, నీ శత్రువు అడిగేవన్నీ. నా దగ్గరికొచ్చే ప్రతివాడూ ఇవి పూర్తిచేశాకే కెమెరా ముందుకి వెళ్తాడు. కార్డు వెనక జవాబు రాసి వెనక్కి పంపు. దిద్దుతాను.

కొరీన్


హేల్‌స్టన్
జూలై 22

అక్కా,

మొదటి ఇరవై పంపుతున్నాను.

ఇంట్లో మేవిస్‌ని విలేకరిని చేసి కూర్చోబెట్టాను. వంటింటి బల్ల దగ్గర గరిటె మైకులా పట్టుకుని కడిగేస్తోంది నన్ను. ఆ పాత్ర ఆమెకి మరీ నచ్చినట్టుంది. నిన్న "ఏమండీ, పాలు అయిపోయాయా?" అనడిగితే, "నీ ఆందోళన అర్థమైంది, ఇక్కడ ముఖ్యమైన విషయం ఏమిటంటే" అన్నాను. నాకు తెలియకుండానే వచ్చేసింది. "మీ అక్కకి రాయండి, నా మొగుణ్ణి నాకు తిరిగిచ్చెయ్యమని" అంది. రాశాను.

ఎమిల్‌ని చూడ్డానికి ఇంకా ఎవరినీ రానివ్వడం లేదు. అతని భార్య ఆర్డిస్ అక్కడే ఉంటోంది. మేం పూలు పంపాం.

రస్


షికాగో
జూలై 27

రస్సూ,

మేవిస్‌తో చెప్పు, వాడిన వస్తువు మార్చి ఇవ్వనని.

నీ జవాబులు బాగున్నాయి. నిజానికి నేననుకున్నదానికంటే చాలా బాగున్నాయి. నాలుగోదాంట్లో "దురదృష్టవశాత్తూ" తీసెయ్, అదృష్టం మీద తోసే యజమానిని ఎవరూ నమ్మరు. పదకొండులో ఎమిల్‌ని "ఒక ఉద్యోగి" అన్నావు. నలభై ఒక్కేళ్ళు మన దగ్గర పనిచేసిన మనిషి, నీకు పద్నాలుగేళ్ళప్పుడు పానా పట్టుకోవడం నేర్పినవాడు. పేరు పెట్టి చెప్పు.

ఇరవై పంపానన్నావు, పంతొమ్మిదే వచ్చాయి. పదిహేడు లేదు. మళ్ళీ రాసి పంపుతున్నాను.

"ఈ వాల్వు పాడైందని మీకు ముందే తెలుసా? తెలిస్తే, ఎప్పుడు తెలిసింది?"

అందరికంటే ముందు అడిగేది ఇదే. దీనికి జవాబు లేకుండా మిగతా నలభై తొమ్మిదీ దండగ.

కొరీన్


హేల్‌స్టన్
ఆగస్టు 4

అక్కా,

మిగతా ముప్ఫై కార్డులూ పెట్టాను. కెల్నర్ నిన్న వచ్చి నా ప్రాక్టీసు చూశాడు. "ఎవరు నేర్పారో గానీ గట్టివాళ్ళే" అన్నాడు. నీ పేరు చెప్పలేదు. అద్దం ముందు నిలబడితే నాకే వేరే మనిషిలా కనిపిస్తున్నాను. నాన్న చూసుంటే బాగుండేది.

ఎమిల్‌కి ఊపిరి గొట్టం తీశారు. నాలుగు మాటలు మాట్లాడుతున్నాడట.

పదిహేడోది పోస్టులో పోయినట్టుంది. పెద్ద విషయం కాదులే, మిగతావి చూసి ఎలా ఉన్నాయో రాయి.

రస్


షికాగో
ఆగస్టు 8

రస్,

ఒకే కార్డు రెండుసార్లు పోస్టులో పోదు. మిగతా నలభై తొమ్మిదీ నలక్కుండా వచ్చాయి.

నేను ఈ ప్రశ్న వందల మందిని అడిగాను. తెలియనివాడు ఒక్క ముక్కలో తెలియదంటాడు. నువ్వు వాల్వు మాట వచ్చిన ప్రతిచోటా వంతెన వేశావు. ఆరు, తొమ్మిది, ఇరవై రెండు, నలభై, అన్నిట్లోనూ. అంత బాగా వేశావంటే ఎక్కడ పడతావో నీకు ముందే తెలుసన్నమాట.

సంగతేమిటో చెప్పు. తెలియకుండా నేను నీకు సాయం చెయ్యలేను.

కొరీన్


హేల్‌స్టన్
ఆగస్టు 14

అక్కా,

ఇది చదివాక కాల్చెయ్.

మే తొమ్మిదో తారీఖున ఎమిల్ పసుపు చీటీ తెచ్చాడు. నాన్న పెట్టిన పద్ధతి నీకు గుర్తుందిగా? మరమ్మతు ఏదైనా రెండు కాపీల పసుపు చీటీ మీద రాయాలి, యజమాని సంతకం పెట్టాలి, ఒక కాపీ మనకి, ఒకటి రాసినవాడికి. "నేను సంతకం పెట్టానంటే చదివానని" అనేవాడు నాన్న.

అందులో ఆ వాల్వు నంబరు వేసి, తుప్పు పట్టింది, ఈ వేసవి ఆగదు, వెంటనే మార్చాలి అని రాసి ఉంది. మార్చాలంటే ఫ్యాక్టరీ తొమ్మిది రోజులు మూసెయ్యాలి. మే నెలలో, అక్కా! ఏడాది అమ్మకంలో సగం జూన్, జూలైల్లోనే. "సెప్టెంబరులో చూద్దాం ఎమిల్" అన్నాను. సంతకం పెట్టాను. చదివే పెట్టాను.

అతనేమీ వాదించలేదు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "సరే రస్, నేను కన్నేసి ఉంచుతాలే" అన్నాడు. ఉంచాడు కూడా. అందుకే వాల్వు పగిలినప్పుడు అందరికంటే ముందు అక్కడికి వెళ్ళింది అతనే.

మన కాపీ నా బల్ల సొరుగులో ఉంది. కెల్నర్‌కి చెప్పలేదు. మేవిస్‌కీ చెప్పలేదు. నీకొక్కదానికే రాస్తున్నాను. నేనేం చెయ్యాలి?

రస్


షికాగో
ఆగస్టు 18

రస్,

రెండో కాపీ ఎక్కడుంది? ముందు అది తేల్చు. ఎమిల్ బీరువాలోనా, అతని ఇంట్లోనా, మంటపెట్టేశాడా? అది బయటపడే వీలుంటే ఒక రకంగా మాట్లాడాలి, లేకపోతే ఇంకో రకంగా.

సభలో ఎవరైనా అడిగితే ఈ వాక్యం చెప్పు: "మా ఫ్యాక్టరీలో మరమ్మతులన్నీ మా నాన్నగారి కాలం నుంచీ ఒక రాతపూర్వకమైన పద్ధతి ప్రకారం జరుగుతున్నాయి, ఆ పద్ధతినే ఇప్పుడూ పాటించాం." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ప్రతి మాటా నిలబడుతుంది. చెప్పేసి ఆగిపో. ఇంకేమీ కలపకు.

కొరీన్


హేల్‌స్టన్
ఆగస్టు 24

అక్కా,

ఎమిల్ పోయాడు. ఇరవై రెండున, శనివారం పొద్దున.

దానికి మూడు రోజుల ముందు నన్ను లోపలికి రానిచ్చారు. ఆర్డిస్ కాఫీ తెచ్చుకుంటానని బయటికి వెళ్ళింది. మంచం పక్కన కూర్చున్నాను. మనిషి సగమయ్యాడు. గొంతు గాలిలా వస్తోంది. నా చెయ్యి పట్టుకుని, "రస్, ఆ చీటీ... చదివే పెట్టావా సంతకం? లేకపోతే చూడకుండా పెట్టేశావా?" అనడిగాడు.

నింద కాదక్కా అది. చూడకుండా పెట్టానంటే నన్ను వదిలేద్దామనుకున్నాడని ఇప్పుడనిపిస్తోంది. నాకు దారి చూపిస్తున్నాడు. చదివానని చెప్పాల్సింది. కనీసం ఊరుకున్నా బాగుండేది.

నేనేమన్నానో తెలుసా? "నీ ఆందోళన అర్థమైంది ఎమిల్. ఇక్కడ ముఖ్యమైన విషయం ఏమిటంటే నువ్వు తొందరగా కోలుకోవాలి."

వందసార్లు అన్న మాట కదా, నూనె రాసినట్టు జారి వచ్చేసింది. గొంతు కూడా నువ్వు చెప్పినట్టే, తగ్గించి, నెమ్మదిగా. పాదాలు రెండూ నేలకి ఆనించే ఉన్నాయి.

అతను నా చెయ్యి వదిలేశాడు. మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆర్డిస్ వచ్చేదాకా నేను అంకెలు లెక్కపెట్టాను.

నువ్వు రాసిన వాక్యం వచ్చింది. చాలా బాగుంది.

రస్


షికాగో
ఆగస్టు 29

రస్సూ,

నీ ఉత్తరం వచ్చి రెండు రోజులైంది. నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను.

పోయిన ఉత్తరంలో నేను నిన్ను మొదట అడిగింది ఏమిటో మళ్ళీ చూసుకున్నాను. ఎమిల్ ఎలా ఉన్నాడని కాదు. రెండో కాపీ ఎక్కడుందని. అప్పుడతను ఇంకా బతికే ఉన్నాడు. నా సైకిలు గొలుసు ఊడినప్పుడల్లా ఎక్కించి, "మీ నాన్నకి చెప్పన్లే కొర్రీ" అనే ఎమిల్. నాకు సిగ్గుగా ఉంది. ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

ఇంకా ఉంది. నీ మొదటి ఇరవై కార్డులు వచ్చిన రోజే నాకు తెలిసిపోయింది. మన ఫ్యాక్టరీలో పసుపు చీటీ లేకుండా బోల్టు కూడా మారదని నాకు తెలియదా? ఎమిల్ లాంటివాడు చీటీ రాయకుండా ఊరుకుంటాడా? తెలిసీ రెండు వారాలు తెలియనట్టు నటించి నీ వంతెనలు దిద్దుతూ కూర్చున్నాను. ఎందుకంటే ఆ ఫ్యాక్టరీలో సగం నాది. అది మూతపడితే నాకూ దెబ్బే. నిన్ను కాపాడుతున్నానని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ వాక్యం చించెయ్. నేను వెనక్కి తీసుకుంటున్నాను. అక్కడ ఏం చెప్పాలో నేను నేర్పను. ఆర్డిస్ మొహం చూసి నువ్వే తేల్చుకో.

పదిహేడో కార్డు తిరిగి పంపు. నీ రాతతో ఏముంటుందో నాకు చూడాలని ఉంది.

కొరీన్


హేల్‌స్టన్
సెప్టెంబరు 5

అక్కా,

నీకేం, చేతులు కడుక్కుని మంచం మీద కూర్చుంటావు. వాక్యం రాసింది నువ్వు, వెనక్కి తీసుకునేదీ నువ్వు. అది ఇప్పుడు నా నోట్లోకి దిగిపోయింది. కెల్నర్‌కి వినిపించాను, కుర్చీలోంచి లేచి నా భుజం తట్టాడు. చీటీ సంగతి అతనికి ఇప్పుడు చెప్పాను. "ఆ కాపీ ఎవరికీ కనపడనంతవరకూ అది లేనట్టే" అన్నాడు.

నిజం చెప్తే ఎనభై కుటుంబాలు వీధిన పడతాయి. చెప్పకపోతే ఒక్క కుటుంబానికే అన్యాయం. నన్ను నేను ఇలా లెక్కలు వేసుకునే మనిషినని ఎప్పుడూ అనుకోలేదు.

ఎమిల్ బీరువా వెతికించాను. అవును, వెతికించాను. చీటీ లేదు.

కార్డు పంపను.

రస్


షికాగో
సెప్టెంబరు 8

రస్సూ,

తిట్టు, పడతాను. ఆ రోజు ఏం చెప్పినా, ఏం చెప్పకపోయినా, నువ్వు నా తమ్ముడివే.

నీలం చొక్కా వేసుకోకు. నీకు నచ్చింది వేసుకో.

కొరీన్


హేల్‌స్టన్
సెప్టెంబరు 13

అక్కా,

టీవీలో సగమే చూపించారట. మొత్తం రాస్తాను.

జిమ్ నిండిపోయింది. కుర్చీలు చాలక గోడల వెంబడి నిలబడ్డారు. ఆర్డిస్ రెండో వరసలో, గోధుమరంగు కోటు వేసుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను నాన్న పాత గళ్ళ చొక్కాలో వెళ్ళాను. కెల్నర్ చూసి మొహం చిట్లించాడు.

మొదటి అరగంట నువ్వు చూస్తే మురిసిపోయేదానివి. ఎక్కడా తడబడలేదు. ఎమిల్ పేరు పెట్టి చెప్పాను. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. అప్పుడు టీవీ అమ్మాయి లేచి, "మీ ఫ్యాక్టరీలో మరమ్మతులు వేళకి జరుగుతున్నాయా?" అనడిగింది.

నువ్వు చించెయ్యమన్న వాక్యం చెప్పాను. ఒక్క మాట పోకుండా చెప్పాను. ఆ అమ్మాయి రాసుకుని కూర్చుంది. జనం తలలూపారు. కెల్నర్ కాళ్ళు చాపుకున్నాడు. అంతే అక్కా, గండం గడిచిపోయింది. అంత తేలిగ్గా గడుస్తుందని నేననుకోలేదు.

మేయరు "ఇంకెవరైనా?" అన్నాడు. ఎవరూ లేవలేదు. ఆర్డిస్ కోటు బొత్తాలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. తల వంచుకుని, ఒక్కొక్కటే. నా వంక చూడలేదు. ఆ రోజు కిటికీ వైపు తిరిగిన ఎమిల్ మొహమే నాకు కనిపించింది.

నువ్వు మొదట పంపిన పదిహేడో కార్డు వచ్చిన రోజే చించేశాను. రెండోది మాత్రం చించలేకపోయాను. జేబులోనే తిరుగుతోంది. బయటికి తీసి, "ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఎవరూ అడగలేదు, నేనే అడుగుతాను" అని మైకులో చదివాను. నీ రాతలోనే. "ఈ వాల్వు పాడైందని మీకు ముందే తెలుసా? తెలిస్తే, ఎప్పుడు తెలిసింది?"

"తెలుసు" అన్నాను. "మే తొమ్మిదిన ఎమిల్ హ్రుస్కా నాకు రాసిచ్చాడు. చదివాను. చదివే సంతకం పెట్టాను. వేసవి అమ్మకాలు పోతాయని సెప్టెంబరు దాకా ఆపింది నేనే. ఇందాక నేను చెప్పిన జవాబు మిమ్మల్ని తప్పించుకోడానికి చెప్పింది."

కెల్నర్ లేచి బయటికి వెళ్ళిపోయాడు. జిమ్‌లో చప్పుడు లేదు. నిశ్శబ్దం వస్తే లెక్కపెట్టమన్నావుగా, నలభై దాకా పెట్టాను. నలభై ఒకటో అంకె దగ్గర వెనక వరసలోంచి ఎవరో బూతు మాట అన్నారు. తర్వాత అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు.

ఈ గురువారం రాష్ట్ర అధికారులు వస్తున్నారు. మన కాపీ వాళ్ళకి ఇస్తాను. ఫ్యాక్టరీ ఏమవుతుందో తెలియదు. నీ సగం గురించి నన్ను క్షమించు. మేవిస్ రాత్రినుంచీ నాతో మాట్లాడలేదు గానీ పొద్దున కాఫీ కలిపి నా ముందు పెట్టింది.

జనం వెళ్ళిపోయాక ఆర్డిస్ వేదిక దగ్గరికి వచ్చింది. చేతిసంచి తెరిచి పసుపు చీటీ తీసింది. నాలుగు మడతలు, నా సంతకం. "జూలై మూడునే దొరికింది, మధ్యాహ్నం అన్నం తీసుకెళ్ళే డబ్బాలో" అంది.

"ఇన్నాళ్ళూ ఎందుకు ఆగారు?" అనడిగాను.

"నేనెక్కడ ఆగాను రస్సెల్? ఆయన ఆపాడు. 'తొందరపడకే, రస్ తనంతట తనే చెప్తాడు. ఆ పిల్లాణ్ణి నేనెరుగుదును' అన్నాడు. నువ్వొచ్చి వెళ్ళాక కూడా అదే మాట అన్నాడు. ఇవాళ కూడా నువ్వు చెప్పకపోతే, ఆ టీవీ పిల్ల కారు ఎక్కేలోపు దీన్ని దాని చేతిలో పెట్టేదాన్ని."

తర్వాత కార్డు అడిగింది. ఇచ్చాను. తిరగేసి చూసి, "వెనక ఖాళీగా ఉందేమిటి? రాయి" అంది. నేను రాశాను: తెలుసు. మే 9. "సంతకం పెట్టు." పెట్టాను. "చదివే పెట్టావా?" అంది. చదివే పెట్టానన్నాను.

చీటీనీ కార్డునీ కలిపి గుండుసూది గుచ్చి సంచిలో పెట్టుకుంది. నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

అందుకే అక్కా, నీ యాభై కార్డుల్లో ఒకటి నీకు తిరిగి రాదు.

రస్